"మనోడేనా?" అని అడిగే ఆఫీసులో

మార్చి 8న ఆఫీసంతా ఊదారంగు బెలూన్లు. జూన్‌లో కంపెనీ లోగోకి ఇంద్రధనుస్సు రంగులు. బతుకమ్మ రోజు లాబీలో పూలు, దీపావళికి ఎత్నిక్ డే, డిసెంబర్‌లో క్రిస్మస్ చెట్టు. హైటెక్ సిటీలోనో గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో పెద్ద కంపెనీలో పనిచేసే ఎవరినైనా అడగండి, ఏడాది పొడుగునా క్యాలెండర్ ఇలాగే నడుస్తుంది. ప్రతి పండక్కీ హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. మనది వైవిధ్యాన్ని గౌరవించే సంస్థ, అందరినీ కలుపుకుపోయే సంస్థ అని.

బెలూన్ల మీద నాకేం కోపం లేదు. ఆడవాళ్ళ గురించి, ట్రాన్స్ మనుషుల గురించి, వికలాంగుల గురించి ఆఫీసులు మాట్లాడటం మొదలుపెట్టాయంటే దాని వెనక చాలామంది పోరాటం ఉంది. నా పేచీ అంతా ఆ మెయిళ్ళలో ఏడాది మొత్తమ్మీద ఒక్కసారి కూడా కనబడని ఒక మాట గురించి. ఆ మాట కులం.

మన దేశంలో, అందులోనూ తెలుగువాళ్ళ మధ్య, కులం ఊసెత్తకుండా వైవిధ్యం గురించి మాట్లాడటమంటే అసలు సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడటమే. ఇది మతిమరుపు కాదు, తెలిసే వదిలేశారు. కులాన్ని లెక్కపెట్టని కంపెనీకి తన వైవిధ్యం గురించి గొప్పలు చెప్పుకునే హక్కు లేదన్నదే నా వాదన.

*

"మా దగ్గర కులమెక్కడండీ? అందరం ఒకే ఫ్లోర్‌లో కూచుంటాం, ఒకే క్యాంటీన్‌లో తింటాం" అంటారు. సరే. టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాణ్ణి మొదటి వారంలో ఏమేం అడుగుతారో గుర్తుచేసుకోండి. "ఏ ఊరు?" "ఆ ఊళ్ళో ఎవరి తాలూకు?" "ఫుల్ నేమ్ ఏంటి?" "నాన్నగారేం చేస్తారు?" "ఎంసెట్‌లో ర్యాంకెంత? ఆ ర్యాంకుకి ఆ కాలేజీలో సీటెలా వచ్చింది?" "నాన్‌వెజ్ తింటావా? అంటే, అన్నీ తింటావా?" వెనకటి తరం పెద్దమనుషులు "మీరేమిట్లు?" అని మొహమ్మీదే అడిగేసేవాళ్ళు. ఇప్పుడది మర్యాద కాదు కాబట్టి అదే ప్రశ్నని ఐదారు ముక్కలు చేసి అడుగుతున్నారు. జవాబు నచ్చితే పక్క సీటుకి కబురు వెళ్తుంది. "మనోడే."

నచ్చకపోతే ఏమీ జరగదు. ఎవరూ తిట్టరు, ఎవరూ దూరంగా కూచోమనరు. టీకి వెళ్ళేటప్పుడు పిలవడం మర్చిపోతారు, అంతే. అప్రైజల్‌లో మేనేజర్ నిజంగా ఏం చూస్తాడో ఆ కుర్రాడికి చెప్పేవాళ్ళుండరు. ఆన్‌సైట్ అవకాశం ఉందన్న సంగతి ఇంకొకరు బయల్దేరేటప్పుడు తెలుస్తుంది. వీటిలో దేని మీదా ఫిర్యాదు రాయలేం. నన్ను టీకి పిలవలేదని హెచ్‌ఆర్‌కి ఎవరు రాస్తారు? రాస్తే ఏ పాలసీలో ఏ సెక్షన్ కిందికి వస్తుంది?

ఈ "మనోడే" అనే మాట టీ దగ్గరే ఆగితే ఇంత గొడవ లేదు. అది నియామకాల దాకా వెళ్తుంది. పెద్ద కంపెనీల్లో రిఫరల్ బోనస్ ఉంటుంది. మీకు తెలిసినవాళ్ళ రెజ్యూమె పంపండి, వాళ్ళు చేరితే మీకింత అని. మరి మనకి తెలిసినవాళ్ళెవరు? అన్నదమ్ముల పిల్లలు, ఊరివాళ్ళు, హాస్టల్ రూమ్మేట్లు, పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళు. మన పరిచయాలు చాలామటుకు మన కులం గీసిన గీత లోపలే ఉంటాయి. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. ఎవరి మనసులోనూ ద్వేషం ఉండక్కర్లేదు. ఇప్పటికే లోపలున్నవాళ్ళు తమవాళ్ళని తెచ్చుకుంటే చాలు. పైగా అలా తెచ్చినందుకు కంపెనీయే డబ్బిస్తోంది. కులం చుట్టరికానికి అధికారికంగా బోనస్ ఇస్తూ, "మేం కులం చూడం" అని అదే నోటితో చెప్పడం మామూలు సంగతి కాదు.

ఇంకోపక్క బయట నిలబడ్డవాళ్ళని చూద్దాం. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు లోపలికి వెళ్ళిన మొదటి తరంలో ఎక్కువమంది అప్పటికే చదువు, భూమి, పట్నంలో ఇల్లు ఉన్న కుటుంబాలవాళ్ళు. ఆ తర్వాత పదేళ్ళకి ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. కూలీల పిల్లలు, గొర్రెలకాపర్ల పిల్లలు, చాకలి, మంగలి, మాల, మాదిగ ఇళ్ళ పిల్లలు వేలమంది ఇంజనీరింగ్ కాలేజీల్లోకి వచ్చారు. ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్ళదే. వాళ్ళు డిగ్రీ పట్టుకుని బయటికొచ్చేసరికి కంపెనీలు జల్లెడ మార్చాయి. ఫలానా కాలేజీల జాబితాలో ఉంటేనే క్యాంపస్‌కి వస్తాం. పదో తరగతి నుంచీ అరవై శాతం తగ్గకూడదు. మధ్యలో ఖాళీ ఏడాది ఉండకూడదు. 'కమ్యూనికేషన్' బావుండాలి. ఈ షరతుల్లో ఒక్కదానిలోనూ కులం పేరు లేదు. కానీ తెలుగు మీడియం సర్కారు బడిలో చదివి, నాన్నకి జబ్బు చేస్తే ఒక ఏడాది చదువు ఆపి, ఇంటికి దగ్గరున్న కాలేజీలో చేరిన పిల్ల ప్రతి షరతు దగ్గరా ఆగిపోతుంది. తర్వాత అమీర్‌పేట్‌లో ఏ కోర్సులో చేరినా, ఎన్ని టెక్నాలజీలు నేర్చుకున్నా, ఇంటర్వ్యూలో ఆ పిల్ల నోట్లోంచి వచ్చే సిక్కోలు యాసో పాలమూరు యాసో ముందు వినబడుతుంది. "టెక్నికల్‌గా ఓకే. కల్చర్ ఫిట్ కాదు" అని రాస్తారు. ఎవరి కల్చర్?

*

ఇదంతా ఊహ అనుకునేవాళ్ళ కోసం కొన్ని లెక్కలు.

2007లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ ఒక పరిశోధన ప్రచురించారు. పేపర్లలో ప్రైవేటు కంపెనీలు వేసిన ప్రకటనలకి ఒకే రకం అర్హతలున్న దరఖాస్తులు పంపారు. తేడా పేర్లలోనే. కొన్నిటి మీద అగ్రకుల హిందూ పేరు, కొన్నిటి మీద దళిత పేరు, కొన్నిటి మీద ముస్లిం పేరు. అగ్రకుల పేరుతో పోలిస్తే తర్వాతి దశకి పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకి దాదాపు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకి మూడో వంతు. మనిషిని ఎవరూ చూడలేదు, మాట ఎవరూ వినలేదు. కాగితం మీద పేరు చదివారంతే.

అదే ఏడాది అదే పత్రికలో సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ ఇంకో వ్యాసం రాశారు. పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ మేనేజర్లని కూచోబెట్టి మాట్లాడారు. మేం ప్రతిభే చూస్తాం అని వాళ్ళంతా చెప్పారు. మరి ఇంటర్వ్యూలో ఏం అడుగుతారంటే 'ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్' అడుగుతామన్నారు. తండ్రి ఏం చేస్తాడు, తోబుట్టువులు ఏం చదివారు, ఎలాంటి ఇంట్లో పెరిగాడు. ప్రతిభ కొలవడానికి వచ్చినవాళ్ళకి నాన్న ఉద్యోగంతో ఏం పని?

2012లో దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డుల మీద అధ్యయనం వచ్చింది. బోర్డు సభ్యుల్లో 93 శాతం అగ్రకులాలవాళ్ళు. ఎస్సీ, ఎస్టీలు కలిపి మూడున్నర శాతం.

ఇవన్నీ పాత లెక్కలు, ఇప్పుడు చాలా మారింది అంటారేమో. మారితే సంతోషమే. కొత్త లెక్క చూపించండి మరి. ఆ లెక్క ఎవరి దగ్గరా లేకపోవడమే కదా అసలు గొడవ!

లెక్క పెట్టడం చేతకాక కాదు. సెబీ నిబంధనల ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఏటా ఒక బాధ్యతా నివేదిక ఇవ్వాలి. ఉద్యోగుల్లో మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, వికలాంగులెందరు అన్నదానికి అందులో గళ్ళున్నాయి. కులానికి గడి లేదు. అదే ఫారంలో సామాజిక బాధ్యత కింద చేసే ఖర్చు దగ్గరికి రండి. లబ్ధిదారుల్లో ఎంత శాతం బలహీన, అణగారిన వర్గాలవాళ్ళో చెప్పే చోటు అక్కడుంది. అంటే దానం పుచ్చుకునే వరసలో మన సంఖ్య చెప్పొచ్చు. కుర్చీలో కూచునే వరసలో మాత్రం చెప్పక్కర్లేదు.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఇంటింటికీ వెళ్ళి కులగణన చేసింది. ఆ లెక్కలో ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం, ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56 శాతం పైచిలుకు. ఆ లెక్క మీద ఎవరి అభ్యంతరాలు వాళ్ళకున్నాయి, ఉండనివ్వండి. కానీ కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో తలుపు కొట్టి అడగగలిగిన ప్రశ్నని, పక్కనే ఉన్న ఆఫీసులో, పేరు లేకుండా, ఇష్టమైతేనే జవాబు చెప్పే పద్ధతిలో అడగలేమా?

*

"కులం అడిగితే కులం పెరుగుతుంది" అనేది మొదటి అభ్యంతరం. ఈ మాట అనేవాళ్ళ మ్యాట్రిమొనీ ప్రొఫైల్ ఒకసారి తెరిచి చూడండి. కులం, శాఖ, గోత్రం, నక్షత్రం, పాదం, ప్యాకేజీ. అక్కడ శాఖతో సహా రాసినప్పుడు పెరగని కులం, వివక్ష ఉందో లేదో తెలుసుకోవడానికి అడిగితే పెరుగుతుందా? ఆడవాళ్ళ సంఖ్య లెక్కపెట్టినందుకు ఆఫీసుల్లో మగపెత్తనం పెరగలేదు. ఎంత ఉందో బయటపడింది, అంతే.

రెండోది, "మేం మెరిట్ చూస్తాం." చూడండి, కాదన్నదెవరు? అయితే రిఫరల్ పద్ధతి ఎందుకు? ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ ఎందుకు? ఎంసెట్ రాసి పన్నెండేళ్ళయిన సీనియర్ ఇంజనీర్‌ని ఇంకా ర్యాంకు అడగడం ఎందుకు? పన్నెండేళ్ళు రాసిన కోడ్ చూసి తేల్చుకోలేని ప్రతిభ పదిహేడో ఏట రాసిన పరీక్షలో దొరుకుతుందా? ఆ ప్రశ్న ప్రతిభ కోసం కాదని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు.

మూడోది కాస్త ఆలోచించాల్సిన అభ్యంతరం. "కులం చెప్పుకుంటే మాకే ప్రమాదం. ఇన్నాళ్ళూ దాచుకుని బతుకుతున్నాం, లెక్క పేరుతో బయటపెట్టకండి" అనే దళిత ఉద్యోగులున్నారు. వాళ్ళ భయం నిజం. ఇంటిపేరు కుదించుకుని, ఊరి పేరు మార్చి చెప్పి, లంచ్‌బాక్స్‌లో కూర చూసుకుని తెచ్చుకునేవాళ్ళకి ఆ భయం ఊరికే రాలేదు. అందుకే లెక్క పేర్లు లేకుండా, మేనేజర్ చేతికి చేరకుండా, బయటి సంస్థ ద్వారా జరగాలి. కానీ ఒకటి గమనించాలి. ఒక మనిషి పదేళ్ళు తన ఊరి పేరు దాచుకుని పనిచెయ్యాల్సి వచ్చిన చోటుని ఇన్‌క్లూజివ్ అని ఏ అవార్డు కమిటీ అన్నా, అది అబద్ధం.

*

కులాన్ని పక్కనపెట్టి స్త్రీల సమస్య మాట్లాడొచ్చనుకోవడం ఎంత పొరపాటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ప్రతి కంపెనీలో ఏడాదికోసారి లైంగిక వేధింపుల నిరోధక చట్టం మీద ట్రైనింగ్ ఉంటుంది. వీడియో చూసి, పది ప్రశ్నలకి టిక్ పెట్టి, సర్టిఫికెట్ తెచ్చుకుంటాం. 2013లో వచ్చిన ఆ చట్టానికి మూలం 1997 నాటి విశాఖ తీర్పు. ఆ తీర్పుకి మూలం భన్వరీదేవి. రాజస్థాన్‌లో భటేరీ అనే పల్లె. కుమ్మరి కులం స్త్రీ. ప్రభుత్వ పథకంలో గ్రామ కార్యకర్తగా పనిచేస్తూ, గుజ్జర్ కుటుంబంలో జరుగుతున్న బాల్యవివాహాన్ని ఆపబోయింది. అది ఆమె ఉద్యోగంలో భాగం. అందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు నిందితులను ఆ నేరం నుంచి విడిచిపెట్టింది.

ఆ వీడియోల్లో విశాఖ పేరు వినబడుతుంది. భన్వరీదేవి పేరు ఎప్పుడైనా వినబడినా, ఆమె కులం వినబడదు. ఏసీ గదుల్లో పనిచేసే ఆడవాళ్ళకి రక్షణగా నిలిచిన చట్టం, పల్లెలో వెనకబడిన కులం స్త్రీ తన పని తాను చేసినందుకు పడ్డ హింసలోంచి పుట్టింది. ఆ సంగతి చెప్పకుండా పది ప్రశ్నల క్విజ్ పెడితే, ఆ చట్టం ఎవరి వల్ల వచ్చిందో మనకి తెలియకుండా పోతుంది.

*

మన కంపెనీలు సగం అమెరికావే కాబట్టి అక్కడి సంగతీ చూద్దాం. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసింది. దళిత ఇంజనీర్ ఒకరిని అగ్రకుల సూపర్‌వైజర్లు వేధించారన్నది ఆరోపణ. కంపెనీ దాన్ని కాదంది. ఆ ఇద్దరు వ్యక్తుల మీద కేసుని 2023లో ప్రభుత్వ శాఖే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద కేసు మాత్రం వదల్లేదు. కేసులో నిజానిజాలు కోర్టు చూసుకుంటుంది. కానీ కులం సముద్రం దాటిందని అక్కడి కంపెనీలు మొదటిసారి గట్టిగా విన్నాయి. అదే 2020లో ఆపిల్ తన ఉద్యోగుల నియమావళిలో కులం అనే మాట చేర్చింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని చట్టరీత్యా నిషేధించింది. కాలిఫోర్నియా చట్టసభ కూడా అలాంటి బిల్లే పాస్ చేస్తే, ఉన్న చట్టాలు చాలని గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబర్‌లో వీటో చేశాడు.

ఇక్కడో విచిత్రం ఉంది. మన రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. వికలాంగుల విషయంలో సమాన అవకాశాల విధానం రాసుకోవాలని 2016 చట్టం ప్రైవేటు సంస్థలకి కూడా చెప్పింది. ట్రాన్స్ వ్యక్తుల మీద వివక్ష చూపకూడదని 2019 చట్టం చెప్పింది. ప్రైవేటు ఉద్యోగంలో నియామకం, ప్రమోషన్ల దగ్గర కుల వివక్ష మీద అలాంటి ప్రత్యేక చట్టం మాత్రం లేదు. సియాటిల్‌లో తెలుగు ఇంజనీర్‌కి ఉన్న ఆ రక్షణ మాదాపూర్‌లో లేదు.

అమెరికా కంపెనీలే వచ్చి మనల్ని మారుస్తాయన్న ఆశా వద్దు. 2022 ఏప్రిల్‌లో గూగుల్‌లో కులం మీద తేన్‌మొళి సౌందరరాజన్ ప్రసంగం ఏర్పాటైతే, కొందరు ఉద్యోగులు అభ్యంతరం చెప్పేసరికి రద్దయింది. ఏర్పాటు చేసిన మేనేజర్ తనుజా గుప్తా రాజీనామా చేసి బయటికొచ్చింది. 2025 మొదట్లో ట్రంప్ ప్రభుత్వం రాబోతుండగానే మెటా తన డైవర్సిటీ కార్యక్రమాలు చాలామటుకు ఆపేసింది. గూగుల్ నియామకాల్లో పెట్టుకున్న లక్ష్యాలు వదిలేసింది. ఏళ్ళ తరబడి మా విలువలు, మా విలువలు అని చెప్పినవి నెలరోజుల్లో పోయాయి. పైనుంచి దయగా వచ్చింది ఎప్పుడైనా పైనుంచే పోతుంది. ఉద్యోగులు అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకున్నది మాత్రమే కాస్తో కూస్తో నిలుస్తుంది.

*

ఇంత మాట్లాడుతూ ఇంకో వరస మనుషుల్ని మర్చిపోతే నేనూ ఆ మెయిల్ రాసినట్టే. ఆఫీసుకి అందరికన్నా ముందొచ్చి బాత్రూములు కడిగేవాళ్ళు. వాళ్ళు కంపెనీ ఉద్యోగులు కారు, కాంట్రాక్టర్ మనుషులు. మెడలో కార్డు రంగు వేరు. ఆ పనిలో ఎక్కువమంది ఏ కులాలవాళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఐదో అంతస్తులో డైవర్సిటీ వారోత్సవాల కేక్ కోస్తుంటే, కింద పడ్డ క్రీమ్ తుడవడానికి గోడ పక్కన నిలబడి ఉండేది వాళ్ళే. ఒకే క్యాంటీన్‌లో తింటాం అన్నారు కదా, వాళ్ళు ఎక్కడ తింటున్నారో ఎప్పుడైనా చూశారా? సెల్లార్‌లో, మెట్ల కింద, స్టోర్ రూమ్‌లో.

ఇది చదివేవాళ్ళలో చాలామంది ఇలాంటి ఆఫీసుల్లోనే పనిచేస్తారని నాకు తెలుసు. దళిత కథలు చదువుతాం, పల్లె హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి చదివి కోపం తెచ్చుకుంటాం. ఆ కోపం పల్లె మీద. గ్లాసులు మన అంతస్తులో కూడా రెండే ఉన్నాయన్న సంగతి మన చదువులోకి రాదు. కులం ఊళ్ళో వదిలేసి వచ్చిన వస్తువు అనుకోవడం పట్నం పాఠకులకి సుఖంగా ఉంటుంది.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కావు. నియమావళిలో వివక్ష నిషేధం ఉన్న వాక్యంలో మతం, లింగం పక్కన కులం అనే మాట రాయండి. ఫిర్యాదుల కమిటీలో దళిత, ఆదివాసీ సభ్యులుండాలి. రిఫరల్‌ ద్వారా ఎంతమంది చేరుతున్నారు, ఏ కాలేజీల నుంచి, ఏ జిల్లాల నుంచి చేరుతున్నారో చెప్పండి. ఇంటర్వ్యూలో తండ్రి ఉద్యోగం, ఎంసెట్ ర్యాంకు అడగడం ఆపండి. పేర్లు లేని కులగణన చేసి, ఫ్రెషర్లలో ఎంత, మేనేజర్లలో ఎంత, డైరెక్టర్లలో ఎంత అని ఏటా ప్రకటించండి. కాంట్రాక్టు మనుషుల్ని కూడా ఆ లెక్కలో చేర్చండి, వాళ్ళకి అందరితోపాటు క్యాంటీన్‌లో కుర్చీ వెయ్యండి. వీటికి కోట్లు ఖర్చు కావు. బెలూన్లకయ్యేదానికన్నా కాస్త ఎక్కువవుతుందేమో.

కంపెనీలు తమంతట తాము ఇవి చెయ్యవు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ పారిశ్రామికవేత్తలని అడిగారు. రిజర్వేషన్లు వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామని వాళ్ళు మాటిచ్చారు, నియమావళి రాసుకున్నారు. దాదాపు ఇరవయ్యేళ్ళ స్వచ్ఛందం తర్వాత కూడా మన దగ్గర ఒక లెక్క లేదు.

కాబట్టి అడగాల్సింది లోపలున్నవాళ్ళే. ముఖ్యంగా అడిగితే ఏమీ పోనివాళ్ళు. అగ్రకులంలో పుట్టి, మంచి రేటింగ్ ఉండి, మేనేజర్ "మనోడే" అనుకునే మీరు. వచ్చే టౌన్‌హాల్‌లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడుగుతారు. చెయ్యెత్తి, మన పాలసీలో కులం అనే మాట ఉందా లేదా అని అడగండి. జవాబు మెయిల్లో రాసివ్వమనండి.